మానుపసుపు చేదు: కంటి కాటుక నుంచి పేగు బ్యాక్టీరియా దాకా

దక్షిణ ఇటలీలో, సిసిలీ దీవిలో, ఏథెన్సులో జరిగిన తవ్వకాల్లో బొటనవేలంత మట్టి బుడ్లు కొన్ని బయటపడ్డాయి. రెండు వేల ఏళ్లు పైబడిన ఆ బుడ్ల మీద మందు పేరు, దాన్ని తయారు చేసినవాడి పేరు గ్రీకు లిపిలో అచ్చు వేసి ఉన్నాయి. ఒకదాని మీద ఇయాసోన్ అని, ఇంకోదాని మీద మూసయోస్ అని ఉంది. మందు పేరు మాత్రం అన్నిటి మీదా ఒకటే: లైకియాన్. ప్రసవాల్లో క్లోరోఫామ్ మత్తును ప్రవేశపెట్టి పేరుపొందిన ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ 1850ల్లో ఈ బుడ్ల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. చిటికెడు మందు పట్టే బుడ్డి మీద కూడా పేరు ముద్ర వేసి అమ్మారంటే, ఆ మందుకు ఉన్న విలువ, దానికి నకిలీలు వస్తాయన్న భయం రెండూ తెలుస్తున్నాయి.

నకిలీల సంగతి ప్రాచీనులే రాసిపెట్టారు. క్రీ.శ. 1వ శతాబ్దిలో గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ లైకియాన్ తయారీని వివరించాడు. ముళ్ల చెట్టు కొమ్మల్ని, వేళ్లని దంచి, రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, ఉడికించి, కట్టెను తీసేసి, మిగిలిన కషాయాన్ని తేనె పాకం వచ్చేదాకా మళ్లీ మరిగించాలి. దీన్ని ఆలివ్ నూనె మడ్డితోను, మాచిపత్రి జాతి మొక్కల రసంతోను, ఎద్దు పిత్తంతోను కల్తీ చేస్తారని హెచ్చరించాడు. కంటి జబ్బులకు, చిగుళ్ల పుండ్లకు, నీళ్ల విరేచనాలకు, రక్త విరేచనాలకు ఇది మందు అన్నాడు. నేటి టర్కీలోని లైకియా, కపడోకియా ప్రాంతాల్లోనూ లైకియాన్ తయారవుతుంది కానీ, భారతదేశం నుంచి వచ్చేదే మేలైనదని తేల్చాడు. అదే శతాబ్దికి చెందిన రోమన్ రచయిత ప్లినీ ఇంకో వివరం చేర్చాడు: భారతీయులు దీన్ని ఒంటె తోలు, ఖడ్గమృగం తోలు సంచుల్లో నింపి పంపుతారట. ఎర్ర సముద్రపు నావికుల మార్గదర్శిని అయిన పెరిప్లస్‌లో సింధు నది ముఖద్వారం దగ్గరి బార్బరికాన్ రేవు నుంచీ, గుజరాత్‌లోని బారిగాజా, అంటే నేటి భరూచ్ రేవు నుంచీ ఎగుమతయ్యే సరుకుల జాబితాలో లైకియాన్ ఉంది. గుగ్గిలం, జటామాంసి, చెంగల్వకోష్టుల పక్కనే దాని పేరూ కనిపిస్తుంది.

ఇంతకీ ఆ మేలురకం మందు ఏ మొక్కది? యూరప్ పండితులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. చిక్కుముడి విప్పినవాడు సహారన్‌పూర్ వనస్పతి ఉద్యానవనాన్ని చూసుకున్న ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జాన్ ఫోర్బ్స్ రాయిల్. ఉత్తర భారతంలోని బజార్లలో రసౌత్ అనే నల్లటి చేదు ముద్ద అమ్మడం ఆయన చూశాడు. కళ్లకలకకు దాన్ని రెప్పల మీద పట్టు వేసేవారు. అది ఎక్కడిదని ఆరా తీస్తే హిమాలయ సానువుల్లోని ముళ్ల పొదల వేళ్లను ఉడికించి తీసినదని తేలింది. డయోస్కోరిడీస్ చెప్పిన పద్ధతి, చెప్పిన గుణాలు, చెప్పిన రంగు అన్నీ సరిపోయాయి. రాయిల్ 1830ల్లో దీని మీద వ్యాసం రాశాడు, ఆ పొదల్లో ఒక జాతికి బెర్బెరిస్ లైసియం అని పేరు పెట్టాడు. ఆ శాస్త్రీయనామం చివర ఈ రోజుకీ ఆయన పేరే ఉంటుంది.

కుమావు కొండల్లో కిల్మోడా, గఢ్వాల్‌లో కింగోడ్ అని పిలిచే ఈ మొక్క మన ఆయుర్వేద గ్రంథాల్లో దారుహరిద్ర. బెరడు గీరితే లోపల కట్టె పచ్చగా పసుపు కొమ్ములా కనిపిస్తుంది. దాని కషాయాన్ని మేకపాలు పోసి చిక్కబరిస్తే రసాంజనం వస్తుంది. అంజనమన్న పేరుకు తగ్గట్టు కంటికి వాడారు, పుండ్లకు పూశారు, విరేచనాలకు, మొలలకు తాగించారు. చరకసంహిత చికిత్సాస్థానంలో ప్రమేహం గురించిన అధ్యాయంలో దారుహరిద్ర, దేవదారు, త్రిఫల, తుంగముస్తలు కలిపిన కషాయం ఒకటి ఉంది. మూత్రం తియ్యగా మారే మధుమేహాన్ని ప్రమేహాల్లో ఒకటిగా లెక్కించిన వైద్యం అది. అంటే పేగు జబ్బుకూ, చక్కెర జబ్బుకూ ఒకే కట్టెను వాడిన జాడ మన గ్రంథాల్లో అప్పటికే ఉంది.

హిమాలయాలు దక్షిణాదికి దూరం. అందుకని ఇక్కడి వైద్యులు పడమటి కనుమల్లోను, శ్రీలంకలోను పెరిగే ఒక పెద్ద అడవి తీగను దారుహరిద్రగా వాడారు. తెలుగువారు దాన్ని మానుపసుపు అంటారు, తమిళులు, మలయాళీలు మరమంజళ్ అంటారు. కుటుంబం చూస్తే ఇది తిప్పతీగకు చుట్టం. హిమాలయపు ముళ్ల పొద, కనుమల తీగ వృక్షశాస్త్రం ప్రకారం వేర్వేరు కుటుంబాలవి. అయినా కోస్తే రెండూ పచ్చగానే ఉంటాయి, నమిలితే రెండూ చేదే. ఒకదానికి బదులు ఇంకోదాన్ని ఎంచుకున్న పాత వైద్యులకు ఆ రంగు, ఆ రుచే ఆనవాళ్లు. వాళ్ల ఎంపిక ఎంత సరైనదో 19వ శతాబ్దపు రసాయన శాస్త్రం చూపించింది.

1826లో ఫ్రాన్సులో షెవాలియే, పెల్తాన్ ఒక చెట్టు బెరడు నుంచి పచ్చటి చేదు పదార్థాన్ని వేరుచేశారు. ఆ తర్వాత కొన్నేళ్లకే జర్మనీలో బుక్నర్ బెర్బెరిస్ వేళ్ల నుంచి అలాంటిదాన్నే తీసి బెర్బెరిన్ అన్నాడు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. మానుపసుపులోనూ అదే ఉంది, చైనావారి పచ్చవేరులోనూ అదే ఉంది. దాని అణువు నిర్మాణాన్ని విప్పే పనిలో విలియం హెన్రీ పెర్కిన్ జూనియర్ 1889 నుంచి ఏళ్ల తరబడి శ్రమించాడు.

భారతదేశంలో బ్రిటిష్ వైద్యులు మొదట దీన్ని జ్వరాల మందుగా చూశారు. మలేరియాకు వాడే క్వినైన్ ఖరీదు ఎక్కువ, దూరం నుంచి రావాలి. దాని స్థానంలో దేశీ మందు దొరుకుతుందేమోనని కలకత్తాలో ఓషాగ్నెస్సీ వంటివారు రసౌత్‌ను రోగుల మీద పరీక్షించారు. 1868లో ఎడ్వర్డ్ వారింగ్ సంకలనం చేసిన ఫార్మకోపియా ఆఫ్ ఇండియాలో బెర్బెరిస్‌కు చోటు దక్కింది. క్వినైన్‌తో పోటీలో అది నిలబడలేదు. 20వ శతాబ్దం మొదటి సగంలో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో రామ్‌నాథ్ చోప్రా బృందం బెర్బెరిన్‌ను ప్రయోగశాలకు తెచ్చి, శరీరం మీద దాని ప్రభావాలను పద్ధతిగా నమోదు చేసింది.

పేగు మందుగా దానికి ఆధునిక ఆసుపత్రిలో పరీక్ష జరిగింది కలరా రోజుల్లో. 1967లో భారతీయ పరిశోధకులు లాహిరి, దత్తా కలరా, తీవ్ర విరేచనాల రోగులకు బెర్బెరిన్ ఇచ్చి ఫలితాలు ప్రచురించారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1987లో, బంగ్లాదేశ్‌లో రబ్బానీ బృందం 165 మంది రోగులతో మరింత కట్టుదిట్టమైన ప్రయోగం చేసింది. ఈ.కోలై బ్యాక్టీరియా విషం వల్ల వచ్చిన విరేచనాలు 400 మిల్లీగ్రాముల బెర్బెరిన్ ఒక్క మోతాదుతో చెప్పుకోదగ్గంత తగ్గాయి. కలరాలో మాత్రం ప్రయోజనం అంతంతమాత్రమే. అప్పటికి ఉప్పు, పంచదార కలిపిన నీళ్లతోనే విరేచనాల మరణాలను ఆపవచ్చని ప్రపంచం తెలుసుకుంది. బెర్బెరిన్ మన దగ్గర మళ్లీ మూలికల అంగడికే పరిమితమైంది.

చైనాలో అలా జరగలేదు. అక్కడ బెర్బెరిన్‌కు ఆధారమైన మొక్క ఇంకొకటి: కోప్టిస్. గొలుసులా గణుపులు గణుపులుగా ఉండే దాని పచ్చటి వేరును హువాంగ్‌లియన్ అంటారు. సిచువాన్, చోంగ్‌చింగ్ కొండ ప్రాంతాలు దాని సాగుకు పేరుపొందాయి. దాని చేదు ఎంత ప్రసిద్ధమంటే, పైకి చెప్పుకోలేని బాధను చైనావారు హువాంగ్‌లియన్ మింగిన మూగవాడి బాధ అంటారు. క్రీ.శ. 500 ప్రాంతంలో తావో హోంగ్‌జింగ్ కూర్చిన మూలికా గ్రంథం విరేచనాలతో పాటు, దాహం తీరక మనిషి కరిగిపోయే జబ్బుకు కూడా దాన్ని సూచించింది. ఆ లక్షణాలు ఈనాటి చక్కెర వ్యాధికి చాలా దగ్గరగా ఉంటాయి. 20వ శతాబ్దంలో బెర్బెరిన్ మాత్ర చైనాలో ఇంటింటి విరేచనాల మందయింది. డాక్టరు చీటీ లేకుండా, అతి తక్కువ ధరకు దొరికేది.

ఆ చవక మాత్రే కథను మలుపు తిప్పింది. 1980ల్లో విరేచనాలు పట్టుకున్న షుగరు రోగులకు బెర్బెరిన్ ఇచ్చినప్పుడు వాళ్ల రక్తంలో చక్కెర కూడా దిగడాన్ని చైనా వైద్యులు గమనించారు. 1988లో 60 మంది రోగుల అనుభవాన్ని ఒక వైద్యురాలు చైనా పత్రికలో ప్రచురించింది. అది చైనీస్ భాషలో ఉండిపోవడంతో బయటి ప్రపంచం చాలా కాలం పట్టించుకోలేదు.

బయటివాళ్లు తలెత్తి చూసింది 2004లో. బీజింగ్ పరిశోధకుడు జియాంగ్ జియాన్‌డాంగ్ బృందం నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న 32 మంది మూడు నెలలు బెర్బెరిన్ తీసుకుంటే కొలెస్ట్రాల్ 29 శాతం, ట్రైగ్లిజరైడ్లు 35 శాతం తగ్గాయి. అది పనిచేసే దారి కొలెస్ట్రాల్‌కు మామూలుగా వాడే స్టాటిన్ మందుల దారి కాదని కూడా ఆ బృందం చూపించింది. 2008లో షాంఘైలో యిన్ జున్ బృందం కొత్తగా షుగరు బయటపడిన 36 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు షుగరుకు విరివిగా వాడే మెట్‌ఫార్మిన్, ఇంకో జట్టుకు బెర్బెరిన్ ఇచ్చింది. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ బెర్బెరిన్ జట్టులో 9.5 శాతం నుంచి 7.5 శాతానికి దిగింది. మెట్‌ఫార్మిన్‌తో దాదాపు సమానం. పరిశోధనలు చిన్నవి, కాలం తక్కువ. అయినా ఫలితాన్ని కొట్టిపారేయలేని పరిస్థితి వచ్చింది.

అక్కడే ఒక పెద్ద ప్రశ్న ఎదురైంది. మింగిన బెర్బెరిన్‌లో ఒక శాతం కూడా రక్తంలోకి చేరదు. పేగు గోడలు దాన్ని లోపలికి రానివ్వవు, వచ్చినదాన్ని కూడా చాలావరకు వెనక్కి నెట్టేస్తాయి. మందుల తయారీ లెక్క ప్రకారం ఇలాంటి అణువు పనికిరానిది. మరి రక్తంలో చక్కెర, కొవ్వు ఎలా తగ్గుతున్నాయి?

సమాధానం వెతకడానికి పరిశోధకులు మందు నిలిచిపోయిన చోటికే, అంటే పేగులోకే, తిరిగి వెళ్లారు. మన పెద్దపేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులున్నాయి. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. కాలేయం పంపిన పైత్యరస ఆమ్లాల రూపాన్ని మారుస్తాయి. ఆ మార్పుల సంకేతాలు పేగు గోడకు, కాలేయానికి చేరి, చక్కెరను, కొవ్వును శరీరం వాడుకునే తీరును ప్రభావితం చేస్తాయి. బెర్బెరిన్ మొదటి నుంచీ విరేచనాల మందు, అంటే బ్యాక్టీరియాను అణిచే మందు. దాని అసలు పని ఆ సూక్ష్మజీవుల మీదే జరుగుతోందా అన్న అనుమానం సహజంగానే వచ్చింది.

2012లో షాంఘై జియావో టాంగ్ విశ్వవిద్యాలయంలో ఝావో లిపింగ్ బృందం కొవ్వు మేత తినే ఎలుకలకు బెర్బెరిన్ ఇచ్చింది. ఎలుకలు లావెక్కలేదు, ఇన్సులిన్‌కు శరీరం మొండికేయలేదు. వాటి పేగుల్లో బ్యాక్టీరియా రకాలు బాగా తగ్గి, చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేసే కొన్ని జాతులు పెరిగాయి. 2015లో బీజింగ్ పరిశోధకులు ఇంకో వింత చూపించారు. పేగు బ్యాక్టీరియాలోని ఎంజైములు బెర్బెరిన్‌ను డైహైడ్రోబెర్బెరిన్‌గా మారుస్తాయి. ఈ రూపం పేగు గోడను దాటడం చాలా తేలిక. దాటాక అది మళ్లీ బెర్బెరిన్‌గా మారిపోతుంది. అంటే రక్తంలోకి చేరే ఆ కాస్త మందుకు కూడా బ్యాక్టీరియా సాయం అవసరమవుతోంది. మందు బ్యాక్టీరియాను మారుస్తుంది, బ్యాక్టీరియా మందును మారుస్తుంది.

మనుషుల్లో గట్టి ఆధారం 2020లో వచ్చింది. షాంఘై రుయిజిన్ ఆసుపత్రి నాయకత్వంలో చైనాలోని 20 కేంద్రాల్లో, కొత్తగా టైప్ 2 షుగరు బయటపడిన 409 మందిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు బెర్బెరిన్, ఒక జట్టుకు మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్స్, ఒక జట్టుకు రెండూ, ఇంకో జట్టుకు ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. 12 వారాల తర్వాత హెచ్‌బీఏ1సీ తగ్గుదల బెర్బెరిన్ జట్టులో 0.99, రెండూ తీసుకున్న జట్టులో 1.04, ఉత్తుత్తి మాత్ర జట్టులో 0.59, ప్రోబయోటిక్స్ జట్టులో 0.53. మేలు బెర్బెరిన్‌దేనని, ప్రోబయోటిక్స్ మొత్తమ్మీద కలిపిందేమీ లేదని అంకెలే చెబుతున్నాయి. మలం నమూనాల్లోని జన్యువులను చదివిన పరిశోధకులు రుమినోకాకస్ బ్రోమీ అనే బ్యాక్టీరియాను వేలెత్తి చూపారు. పైత్యరసంలో డీఆక్సీకోలిక్ ఆమ్లం తయారయ్యే దారిలో ఈ బ్యాక్టీరియా పాత్ర ఉంది. బెర్బెరిన్ దాన్ని అణచడం వల్ల పైత్యరస ఆమ్లాల తీరు మారి చక్కెర తగ్గుతోందని వాళ్ల నిర్ధారణ.

ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టు చదవాలి. ఉత్తుత్తి మాత్ర జట్టులోనూ చక్కెర తగ్గింది కాబట్టి, బెర్బెరిన్ అదనంగా తెచ్చిన తగ్గుదల సుమారు 0.4 మాత్రమే. అది చిన్నదే అయినా నిజమైన మేలు. 2008 నాటి రెండు పాయింట్ల తగ్గుదలను చూసి ఆశపడినవాళ్లకు ఇది అవసరమైన దిద్దుబాటు. ఉత్తుత్తి మాత్రతో పోల్చిచూసిన పెద్ద ప్రయోగం ఎందుకు కావాలో కూడా ఈ తేడాయే చెబుతుంది.

మెట్‌ఫార్మిన్ కథ కూడా ఇదే దారిలో నడిచింది. యూరప్ పల్లెల్లో పాత వైద్యులు వాడిన గలేగా అనే మొక్క రసాయనం నుంచి మొదలైన పరిశోధన ఆ మందుకు దారి తీసింది. 1957లో పారిస్ వైద్యుడు జాఁ స్టెర్న్ దాన్ని షుగరు రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. అరవై ఏళ్ల తర్వాత, 2017లో, స్వీడన్ పరిశోధకులు మెట్‌ఫార్మిన్ వాడినవారి మలంలోని బ్యాక్టీరియాను సూక్ష్మజీవులు లేని ఎలుకలకు ఎక్కిస్తే, కొందరు దాతల విషయంలో ఆ ఎలుకలకు చక్కెరను తట్టుకునే శక్తి పెరిగింది. తేడా ఒక్కటే. మెట్‌ఫార్మిన్‌కు దశాబ్దాల అనుభవం, వేలమంది మీద ఏళ్ల తరబడి జరిగిన పరిశీలన ఉన్నాయి. బెర్బెరిన్‌కు అవి లేవు.

బెర్బెరిన్ చరిత్రలో ఒక చేదు అధ్యాయమూ ఉంది. చైనా సంతతివారు కొన్ని ప్రాంతాల్లో పుట్టిన బిడ్డలకు హువాంగ్‌లియన్ నాకించే ఆచారం పాటించేవారు. సింగపూరులో నవజాత శిశువుల కామెర్లు ముదిరి మెదడుకు హాని జరగడానికి ఈ మూలికకు సంబంధం ఉందని భావించి, అక్కడి ప్రభుత్వం 1978లో బెర్బెరిన్‌ను నిషేధించింది. కామెర్లకు కారణమయ్యే రక్తంలోని బిలిరుబిన్‌ను అల్బుమిన్ ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. బెర్బెరిన్ ఆ పట్టును విడిపించగలదని ప్రయోగాలు చూపాయి. 2010ల్లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. అయినా గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిబిడ్డలు దీనికి దూరంగా ఉండాలన్న హెచ్చరిక అలాగే ఉంది. మందులను విరిచే కాలేయపు ఎంజైములను కూడా బెర్బెరిన్ నెమ్మదింపజేస్తుంది. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారిలో సైక్లోస్పోరిన్ మందు స్థాయి రక్తంలో పెరగడం 2005లోనే నమోదైంది. మలబద్ధకం, విరేచనాలు, కడుపు ఉబ్బరం ఎంతోమందికి ఎదురయ్యే ఇబ్బందులు.

2023లో అమెరికాలో సామాజిక మాధ్యమాల వీడియోల్లో బెర్బెరిన్‌కు ప్రకృతి ఇచ్చిన ఓజెంపిక్ అన్న పేరు పెట్టారు. ఓజెంపిక్ ఆకలిని నేరుగా తగ్గించే హార్మోను జాతి మందు. బరువు మీద బెర్బెరిన్ ప్రభావం దాని దరిదాపుల్లో కూడా లేదు. అయినా అమ్మకాలు పెరిగాయి. అమెరికాలో అది ఆహార పూరకంగానే అమ్ముడవుతుంది. అమ్మకానికి ముందు మందుకు జరిగే తనిఖీ పూరకానికి జరగదు. సీసా మీద రాసిన పరిమాణం లోపల ఉందో లేదో కొనేవాడికి తెలిసే దారి లేదు. డయోస్కోరిడీస్ భయపడిన కల్తీ సమస్య ఈ రోజుకీ తీరలేదు.

ఆ గిరాకీ భారం అడవి మీద పడుతోంది. బెర్బెరిన్ ఎక్కువగా ఉండేది వేళ్లలోను, కాండంలోను. ఆకు కోసుకుంటే మొక్క మళ్లీ చిగురిస్తుంది, వేరు తవ్వితే మొక్కే పోతుంది. మానుపసుపు తీగ ముదరడానికి ఏళ్లు పూళ్లు పడుతుంది, ఆడ తీగలు, మగ తీగలు విడివిడిగా ఉంటాయి, గింజ మొలవడం కష్టం. దక్షిణ భారత అడవుల్లో అది అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాకెక్కింది. హిమాలయాల్లోని దారుహరిద్ర పరిస్థితీ అంత మెరుగ్గా లేదు.

రెండు వేల ఏళ్లుగా మూడు నాగరికతల వైద్యులు వేర్వేరు మొక్కల్లో ఒకే చేదును పేగు జబ్బుకు పట్టుకున్నారు. ఆ చేదు పేగులోనే ఉండిపోయి, అక్కడి సూక్ష్మజీవుల ద్వారా చక్కెరను కొంత అదుపు చేస్తుందని ఇప్పటి ఆధారాలు చెబుతున్నాయి. ఆ కొంతను కొండంత చేసి చూపడం వైద్యానికీ మంచిది కాదు, మొక్కకూ మంచిది కాదు. షుగరు ఉన్నవారు డాక్టరు రాసిన మందు మానేసి బెర్బెరిన్ మొదలుపెట్టకూడదు. ఇప్పటికే వాడుతున్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారు 10 కోట్లకు పైనే అని 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కగట్టింది. వాళ్లు తినే తిండి వేరు, వాళ్ల పేగు బ్యాక్టీరియా వేరు. చైనాలో వచ్చిన ఫలితం ఇక్కడా వస్తుందో లేదో తేల్చే పెద్ద ప్రయోగాన్ని రసాంజనం పుట్టిన ఈ దేశమే చేపట్టాలి. ఆ ప్రయోగానికి కావలసిన కట్టెను అడవిని పెరికి కాకుండా, సాగు చేసిన తోటల నుంచి తేవాలి.